పులుపు పోయిన చేను

మా కేంద్రం గేటు ముందు పంతొమ్మిది దేశాల జెండాలు ఎగిరేవి. నంద్యాలకు పడమరగా నల్లరేగడి భూముల మధ్య, చుట్టుపక్కల ఎక్కడా రెండంతస్తుల మేడ లేని చోట, అన్ని జెండాలు ఒక్కసారి టపటపలాడుతుంటే దారిన పోయే ట్రాక్టరు డ్రైవర్లు అదేదో కొత్త పెట్రోలు బంకు అనుకుని బండి ఆపేవాళ్లు. వాచ్‌మన్ కసిరి పంపేవాడు. లోపలున్న మేము మాత్రం ప్రపంచాన్ని ఉద్ధరిస్తున్నామని గట్టిగా నమ్మేవాళ్లం. ఇప్పుడు తలుచుకుంటే ఆ డ్రైవర్లే నయమనిపిస్తుంది. పొరపాటు తెలియగానే బండి తిప్పుకుని వాళ్ల దారిన వాళ్లు పోయారు.

పునరుత్పాదక శక్తి మీద రెండేళ్ల చదువు మాది. ఎండ, గాలి, అల, పేడ, ఏది దొరికితే దాంట్లోంచి కరెంటు తీయడం నేర్పేవాళ్లు. దేశదేశాల నుంచి వచ్చిన పిల్లల్ని నలుగురేసి జట్లుగా కలిపేవాళ్లు. ఏ జట్టులోనూ ఒకే దేశం వాళ్లు ఇద్దరు ఉండకూడదని నియమం. డైరెక్టరు పురంధర్ గారికి ఈ నియమం ఎంత ముద్దంటే, ఫోటో తీయించేటప్పుడు కూడా ఒంటి రంగులు చక్కగా కలిసేలా మమ్మల్ని అటూ ఇటూ జరిపి నిలబెట్టేవారు.

ఇక శుక్రవారం పదకొండింటికి 'వినే గంట' అని ఒక తంతు. ఆ వారం ఊరివాళ్ల దగ్గర మేమేం విన్నామో మైకులో చెప్పాలి. అక్కడ ఊరివాళ్లెవరూ ఉండరు. మేమే చెప్తాం, మేమే వింటాం, మేమే చప్పట్లు కొట్టుకుంటాం, ఆ తర్వాత సమోసాలు తింటాం. నిజం చెప్పాలంటే నాకు సమోసాలు తప్ప ఇంకేమీ గుర్తు లేదు.

నా పేరు సుభాషిణి. కర్నూలు టౌన్లో పుట్టి పెరిగాను. చేను ఎరగను, సాలు ఎరగను. అయినా 'ఈ జిల్లా పిల్లవే కదా' అని ఊరివాళ్ల మాటల్ని ఇంగ్లీషులోకి మార్చే పని నాకు అంటగట్టారు. నామోషీగా ఉండేది. సమీకరణాలు రాయడానికి వచ్చినదాన్ని, పాలేరు భాష మోసే పని చేయాలా అని లోపల కుతకుతలాడేదాన్ని. నా జట్టులో మిగతా ముగ్గురూ విదేశీయులు. ఉజ్బెకిస్తాన్ నుంచి వచ్చిన ఫర్రుఖ్ చేతిపనిమంతుడు, మాట తక్కువ. నెదర్లాండ్స్ నుంచి వచ్చిన యోరిస్‌కు అంకెలంటే ప్రాణం. ఇథియోపియా కొండ ప్రాంతం నుంచి వచ్చిన అల్మాజ్ వాళ్లమ్మ వ్యవసాయం చేస్తుంది. అల్మాజ్ ఆ సంగతి దాచేది కాదు. అందుకే ఆమె అంటే నాకు కొంచెం చిన్నచూపు ఉండేది.

సోలార్ పలకలు పొద్దుగూకగానే పడుకుంటాయి. అప్పుడే ఇళ్లలో దీపాలు కావాలి. ఆ చీకటి గంటల్లో కరెంటు పుట్టించేది ఏదైనా కనిపెట్టమని మా జట్టుకు అప్పజెప్పారు. ఫర్రుఖ్ ఒక పొర తయారు చేశాడు. వోణీ అంత పలుచన. పై నేత ఒక లోహం, కింది నేత ఇంకో లోహం. నిమ్మకాయకు రాగితీగ, జింకు మేకు గుచ్చి చిన్న బల్బు వెలిగించే ఆట బళ్లో అందరం ఆడినదే. ఆ ఆటలో లోహం అరిగిపోతుంది. అరగకుండా చూసే కిటుకు ఫర్రుఖ్‌కు దొరికింది, అదీ అతని గొప్ప. పొరకు నిమ్మకాయే దొరకలేదు. మంచు పడితే పొర తడిసేది కానీ, మంచునీళ్లకు పులుపేది? మీటరు ముల్లు కదిలీ కదలనట్టు కదిలి ఊరుకునేది.

మొదటి ఏడాది జనవరిలో, తుమ్మలదిన్నె అనే ఊరి పొలాల్లో ఆ నిమ్మకాయ కనపడింది. పొద్దు అప్పుడే పొడుస్తోంది. అరవై ఏళ్ల ఒకామె తెల్లటి మల్లుపంచెను శనగచెట్ల మీదుగా లాక్కుంటూ నడుస్తోంది. సాలు చివరికొచ్చాక, మంచుకు తడిసిన పంచెను చెంబులోకి పిండింది. ఆమె పేరు సుంకులమ్మ. వెనకాల ఆమె కొడుకు మద్దిలేటి ఇంకో చెంబు పట్టుకుని ఉన్నాడు.

"ఏంటి పెద్దమ్మా అది?" అని అడిగాను.

"శనగ పులుసమ్మా. కడుపునొప్పికి ఒక చుక్కేస్తే చాలు, ఇట్టే పోతాది. ఈ నాయనకు గూడా నాలికకు తగిలించు, ఎట్లుంటాదో చూడనీ" అని యోరిస్ అరచేతిలో నాలుగు చుక్కలు పోసింది.

యోరిస్ నాకి, మొహమంతా ముడుచుకుని, తర్వాత కళ్లు పెద్దవి చేసుకుని నా వైపు తిరిగాడు. శనగాకు తనంతట తాను పులుపు ఊరించుకుంటుందని, చేలో నడిస్తే కాళ్లు చురచురమంటాయని ఈ ప్రాంతంలో చిన్నపిల్లలకు కూడా తెలుసు. మా పంతొమ్మిది దేశాలకు ఆ పూట తెలిసింది. అల్మాజ్ మాత్రం ఆశ్చర్యపోలేదు, ఎందుకో నేను అడగలేదు. ఒక చెంబు అడిగి తెచ్చుకుని ఫర్రుఖ్ పొర మీద పోస్తే మీటరు ముల్లు చివరికంటా వెళ్లి కొట్టుకుంది. అందరం చంకలు గుద్దుకున్నాం.

జిల్లాలో నలభై చోట్ల శనగాకులు తెచ్చి పరీక్షించాం. అన్నింట్లోకీ పులుపు ఎక్కువున్నది సుంకులమ్మ చేనే. ఆమె వేసేది సన్నగింజ పుల్లశనగ. చుట్టుపక్కలవాళ్లంతా కంపెనీ విత్తనాలకు మారిపోయి పదిహేనేళ్లయింది. ఈ విత్తనం ఇప్పుడు ఆమె ఇంట్లో తప్ప ఎక్కడా లేదు. దిగుబడి తక్కువ. ఆమె అత్త చేతికిచ్చి పోయిన విత్తనమని వదలకుండా ఏటా వేసేది.

ఆ అక్టోబరులో, విత్తే ముందు, డైరెక్టరు గారు నన్ను వెంటబెట్టుకుని ఆమె ఇంటికి వెళ్లారు. ఆయన చేతిలో ఒక ఫారం. అందులో రెండు గళ్లు: ఒకటి 'సమాచారం', రెండోది 'స్థానిక విశ్వాసాలు'. ఊరివాళ్లు చెప్పిన ప్రతి మాటా ఈ రెండింట్లో ఏదో ఒక గడిలో పడాలి. మొదటి గడిలోవి ఇంజినీర్లకు వెళ్తాయి. రెండో గడిలోవి కేంద్రం వరండాలో పెట్టే ఫోటో ప్రదర్శన కోసం.

రాత్రిపూట శనగచెట్ల మీద పొర పరుస్తామని, మంచుతో పాటు ఆకు పులుపు దానికి ఎక్కుతుందని, పొద్దున్నే చుట్టేస్తామని చెప్పాను. సుంకులమ్మ వెంటనే ఒప్పుకోలేదు. అరుగు మీద కూర్చుని చాలాసేపు మాట్లాడింది. చేను వైపు చేయి చాపి చూపించింది. వేళ్లు మడిచి ఏదో లెక్క చెప్పింది. గుడ్డ లాగిన సాలు మైలపడుతుందట. అది మళ్లీ తేటపడే దాకా ముట్టకూడదట. ముడితే పురుగు ఊరుకోదట. మైల అన్న మాట వినపడేసరికి నా చెవులు మూసుకుపోయాయి. విదేశీ పిల్లలందరూ చదివే ఫారంలో, డైరెక్టరు ముందు, మా జిల్లా మైల గురించి నేను ఇంగ్లీషులో రాయాలా? సిగ్గుతో చచ్చిపోయాను.

"ఏమంటోంది?" అన్నారు డైరెక్టరు, అప్పటిదాకా చూస్తున్న ఫోనులోంచి తల ఎత్తి.

"ఏవో ఆచారాలు సార్. మైల, అంటు లాంటివి. అభ్యంతరమైతే లేదు."

"అద్భుతం! రాసుకో" అన్నారు ఆయన. నేను రెండో గడిలో ఒక్క వాక్యం రాశాను.

నేను చేసిన పని అక్కడితో ఆగలేదు. సుంకులమ్మ ఏటా మూడెకరాలే వేసి, ఒక కుండ విత్తనం వెనక్కి పెట్టుకునేది. డైరెక్టరు గారికి నాలుగెకరాలు కావాలి, లెక్క గుండ్రంగా ఉంటుందని. "అంతా వేసెయ్ పెద్దమ్మా, పంటొచ్చాక కుండ నింపుకోవచ్చు" అని నేనే నచ్చజెప్పాను. ఆమె నా మొహంలోకి చూసి, "నేను చెప్పిందంతా వాళ్లకు చెప్తివి గదా?" అంది. "చెప్పాను" అన్నాను. కుండ ఖాళీ అయింది.

డిసెంబరు మొదటి వారం నుంచి పొర పరిచాం. నాలుగెకరాలకు అరవై నాలుగు పట్టీలు. పొద్దుగూకేటప్పుడు పరవడం, తెల్లారాక చుట్టడం. మరుసటి సాయంత్రమే, బ్యాటరీలో నిండిన మా కరెంటుతో తుమ్మలదిన్నె వీధి దీపాలు వెలిగాయి. పిల్లలు కేకలు వేశారు, బడి పంతులు మమ్మల్ని కౌగిలించుకున్నాడు. మద్దిలేటి పొర అంచును వేలితో తాకి, "మా శనగచెట్లేనా ఇట్ల వెలిగిస్తాండేది!" అని మురిసిపోయాడు. నాకూ గర్వమేసింది. అబద్ధమాడటం దేనికి, జీవితంలో అంత గర్వం ఇంకెప్పుడూ పడలేదు. జనవరి ఆఖర్లో డబ్బు పెట్టే విదేశీ సంస్థల ప్రతినిధులు వచ్చి చూస్తారని, వాళ్లకు నచ్చితే వచ్చే ఏడాది పన్నెండొందల ఎకరాల్లో పరుస్తామని డైరెక్టరు ప్రకటించారు.

ప్రతి శుక్రవారం యోరిస్ తెర మీద గీత చూపించేవాడు. గీత పైకే వెళ్లేది. మూడో వారం కొన్ని పట్టీల్లో కరెంటు తగ్గింది. చూస్తే పొర అడుగున నల్లటి చిన్న చిన్న రెట్టలు అంటుకుని ఉన్నాయి. యోరిస్ వాటికి 'జీవ మలినం' అని పేరు పెట్టి, మలినమైన పట్టీలను లెక్కలోంచి తీసేశాడు. కొలిచే పరికరం పాడైతే ఆ కొలతను తీసేయాలని అతనికి వాళ్ల దేశంలో నేర్పారట. నాలుగో వారానికి పంతొమ్మిది పట్టీలు తీసేశాడు. ఆరో వారానికి నలభై ఒకటి. మిగిలినవన్నీ బాగున్న పట్టీలే కాబట్టి సగటు ఇంకా పెరిగింది. చేను చస్తున్న కొద్దీ మా గీత ఎక్కింది. ఇరవై నాలుగు మంది ఇంజినీర్లం ఆ గదిలో కూర్చుని దానికి చప్పట్లు కొట్టాం. తీసేసిన పట్టీల కింద ఏముందని ఒక్కరూ అడగలేదు. అడగడానికి కళ్లు నేల మీద ఉండాలి కదా, మావి నెత్తిన ఉన్నాయి.

జనవరి రెండో వారంలో ఒక పొద్దున పొర చుడుతూ అల్మాజ్ ఆగిపోయింది. వంగి ఒక ఆకు తుంచి నాకింది. ఇంకోటి నాకింది. పది చెట్లు దాటి వెళ్లి మళ్లీ నాకింది.

"సుభా, ఇటు రా. ఈ ఆకు నాకు" అంది.

"ఛీ, నేనెందుకు నాకాలి?"

"నాకు."

నాకాను. ఏమీ లేదు, పచ్చగడ్డి రుచి.

"మా అమ్మ చేలో చిన్నప్పుడు పందెం వేసుకుని నాకేవాళ్లం. ఎవరి నాలుక ముందు మండితే వాళ్లు ఓడినట్టు" అంది అల్మాజ్. "ఇది శనగ కాదు, వట్టి గడ్డి. మనం రోజూ తుడిచేస్తుంటే ఆకుకు మళ్లీ ఊరించుకునే వ్యవధి ఎక్కడుంది?"

ఒక కాయ తుంచి నా ముందు పెట్టింది. గుండ్రటి చిల్లు. చిల్లులో తల దూర్చి, ఒళ్లు బయట పెట్టుకుని, తీరిగ్గా తింటున్న పచ్చపురుగు. పక్క కాయకూ చిల్లే. ఆ పక్క దానికీ చిల్లే. మా పొర అడుగున అంటుకున్నది ఈ పురుగుల రెట్టే. ఆ పులుపే చెట్టుకు కాపలా. పురుగు నోటికి అది పడదు. ఆ కాపలాను మేం రోజూ పొద్దున్నే చుట్టి, బ్యాటరీలోకి పంపి, వీధి దీపాలు వెలిగించుకున్నాం.

ఇద్దరం సుంకులమ్మ దగ్గరికి వెళ్లాం. ఆమె అప్పటికే చేలోనే ఉంది, గట్టు మీద కూలబడి. పది రోజులుగా ఆమె మా మనుషుల్ని మందు కొట్టనివ్వమని అడుగుతోందని, మందు పడితే పొర పాడవుతుందని డైరెక్టరు వద్దన్నారని మద్దిలేటి చెప్పాడు. నాకు ఆ మాట అంతకు ముందే చేరింది. శుక్రవారం చెప్దాంలే అని ఊరుకున్నాను.

"ఏమ్మే," అంది సుంకులమ్మ నన్ను చూసి. "సాలు తేటపడనిచ్చి పరచమంటి గదా? ఒక్క పొద్దన్నా ఆపినారా? నేను చెప్పింది వాళ్లకు చెప్పినావా, లేదా?"

"చెప్పాను పెద్దమ్మా."

"మరి ఇనలేదా వాళ్లు?"

"వినలేదు" అన్నాను.

అల్మాజ్ నా భుజం తట్టి, "ఏమంటోంది?" అని అడిగింది.

"పురుగు పట్టిందని బాధపడుతోంది" అన్నాను. ఒకే నిమిషంలో ఇటు తెలుగులో ఒక అబద్ధం, అటు ఇంగ్లీషులో ఒక అబద్ధం. రెండు భాషలు వచ్చినందుకు ఈ లాభమైనా దక్కింది.

అల్మాజ్ నా మాట నమ్మలేదు. ఆ మధ్యాహ్నం వరండాలో ఫోటోల ముందు నిలబడి ఉంటే నేను అటుగా వెళ్లాను. సుంకులమ్మ పంచె పిండుతున్న ఫోటో, వెనకాల పొద్దుపొడుపు, చాలా అందంగా ఉంది. కింద అచ్చక్షరాలతో రాసి ఉంది: 'మంచు సేకరించిన సాలు అపవిత్రమవుతుందని స్థానికుల విశ్వాసం.'

"ఇది నువ్వు రాసిందేనా?" అంది అల్మాజ్.

నేను తలూపాను.

"ఆమె ముందే చెప్పింది. ఆకుకు వ్యవధి ఇవ్వమని చెప్పింది. ఆ మాట వరండాలో మూడు నెలలుగా వేలాడుతోంది. దాని ముందు నిలబడి మనం టీ తాగాం." ఆమె గొంతు పెంచలేదు. అరిచి ఉంటే బాగుండేదనిపించింది.

డైరెక్టరు గదికి వెళ్లాం. యోరిస్, ఫర్రుఖ్ కూడా వచ్చారు. యోరిస్ తీసేసిన నలభై ఒక్క పట్టీలను లెక్కలో కలిపి కొత్త గీత గీసుకొచ్చాడు. ఆ గీత కొండ మీంచి రాయి దొర్లినట్టు దిగిపోయింది. కాగితం బల్ల మీద పెడుతుంటే అతని చెవులు ఎర్రబడ్డాయి. ఫర్రుఖ్ మాత్రం చేతులు కట్టుకుని, "నా పొరలో తప్పు లేదు" అన్నాడు.

"ఎవరూ తప్పని అనలేదు" అన్నారు డైరెక్టరు. "మనం చదివేది శక్తి. కాయలు, పురుగులు వ్యవసాయ శాఖ చూసుకుంటుంది. ఆమెకు నష్టపరిహారం ఇప్పిద్దాం."

"విత్తనం సార్" అన్నాను. "ఆ విత్తనం ఇంకెక్కడా లేదు. కుండలో దాచిందీ ఇందులోనే వేసింది."

"శనగలకేం కరువమ్మా?" అని ఆయన నవ్వారు. "సరే, ఇది మంచి విషయమే. శుక్రవారం వినే గంటలో చెప్పండి. ప్రతినిధులు వెళ్లిపోయాక వచ్చే శుక్రవారం."

ఆ మనిషి మీద నాకు పుట్టిన ఏవగింపు అంతా ఇంతా కాదు. బయటికొచ్చాక ఆలోచిస్తే, ఆయన చేసిందేమిటి? నేను అరుగు మీద చేసిందే. కాకపోతే ఆయన ఏసీ గదిలో చేశారు.

ఆ సాయంత్రం నుంచి పొర పరవలేదు. ఫర్రుఖ్ ఎవరికీ చెప్పకుండా చుట్టలన్నీ గోదాములో పెట్టి తాళం తన దగ్గర పెట్టుకున్నాడు. ప్రతినిధుల ముందు వెలిగించడానికి మాత్రం పాత నిల్వ సరిపోతుందని డైరెక్టరు సర్దుకున్నారు. కాయలకు మాత్రం అప్పటికే ఆలస్యమైంది. ఆకు పులుపు మళ్లీ ఊరుతోంది కానీ, పురుగు కాయలోపల ఉంది.

ప్రతినిధులు వచ్చిన రోజు చేను పక్కనే షామియానా వేశారు. పంతొమ్మిది జెండాలూ అక్కడికి తరలించారు. ముందు వరసలో కొత్త చీర కట్టించి సుంకులమ్మను కూర్చోబెట్టారు. 'ఊరి గొంతు' అని నాకు ఒక ప్రసంగం రాసి ఇచ్చారు. సుంకులమ్మ తరఫున నేను చదవాలి. భూమి తల్లికి, వెలుగు తల్లికి ఆమె దణ్ణాలు పెడుతున్నట్టు రెండు పేజీలు. ఆమె జీవితంలో అలా మాట్లాడి ఉండదు.

కాగితం మడిచి జేబులో పెట్టుకుని, జరిగింది జరిగినట్టు చెప్పాను. ముందు ఇంగ్లీషులో: ఆకు పులుపు, పురుగు, తీసేసిన నలభై ఒక్క పట్టీలు, ఖాళీ అయిన కుండ. తర్వాత అదే తెలుగులో, ఊరివాళ్లందరూ వినేలా. "పెద్దమ్మ ముందే చెప్పింది. నేను ఆ మాట వాళ్లకు చేరవేయలేదు. నమ్మకం అని రాసి పక్కన పడేశాను. చెప్పానని ఆమెతో అబద్ధమాడాను." కొంచెం గొప్పగా అనిపించింది, దాచను. తప్పు ఒప్పుకుంటే చప్పట్లు పడతాయని మా కేంద్రం నాకు బాగానే నేర్పింది. అనుకున్నట్టే వెనక వరసలో ఎవరో కొట్టారు.

నైరోబీ నుంచి వచ్చిన ఒక ఇంజినీరు లేచి నిలబడింది. ఆ రోజు మొత్తం మీద బుర్రతో అడిగిన ప్రశ్న ఆమెదొక్కటే. "అయితే సాళ్లకు విశ్రాంతి ఇస్తూ పరిస్తే పంటా దక్కుతుంది, కరెంటూ వస్తుంది కదా? ఒక సాలుకు ఎన్ని రోజుల విశ్రాంతి కావాలి?"

షామియానా అంతా నా వైపు చూసింది. నాకు తెలియదు. ఆ రోజు అరుగు మీద సుంకులమ్మ వేళ్లు మడిచి లెక్క చెప్పింది. ఎన్ని వేళ్లు మడిచిందో ఎంత తన్నుకున్నా గుర్తు రాలేదు. నేను వినలేదు కదా, మరిచిపోవడానికి మాత్రం ఏముంది?

సిగ్గు విడిచి ఆమె వైపే తిరిగాను. "పెద్దమ్మా, ఎన్ని పొద్దులు ఆపాలి?"

సుంకులమ్మ తాపీగా లేచింది. కొత్త చీర కొంగు సర్దుకుంది.

"అది నమ్మకమంట గదా" అంది. "నువ్వే రాసుకున్నావంట గదా. నమ్మకాన్ని పట్టుకోని లెక్కలడిగితే యాడ చెప్తాది?"

డైరెక్టరు చటుక్కున మైకు అందుకుని ఇంగ్లీషులో, "ఆమె చాలా సంతోషంగా ఉన్నారు, తప్పకుండా సహకరిస్తానంటున్నారు" అన్నారు. ఆయనకు తెలుగు బాగానే వచ్చు. నేను ఆయన చేతిలోంచి మైకు లాక్కుని, ఆమె అన్నది ఒక్క ముక్క వదలకుండా చెప్పాను. ఈసారి ఎవరూ చప్పట్లు కొట్టలేదు. నైరోబీ ఇంజినీరు పుస్తకం మూసేసి, సుంకులమ్మకు తల వంచి, కూర్చుంది.

సుంకులమ్మ అప్పటికే షామియానా దాటి చేలోకి నడుస్తోంది. అల్మాజ్ చెప్పులు చేత పట్టుకుని ఆమె వెనకే పోయింది. నేనూ వెళ్లాను. సుంకులమ్మ ఒక సాలు మొదట్లో చతికిలబడి కాయలు తడమడం మొదలుపెట్టింది. మద్దిలేటి వచ్చి తల్లి పక్కన కూర్చుంటూ, "మ్మా, నువ్వన్నది అన్నట్టే చెప్పింది ఆ పాప, తెల్లోళ్లకు" అన్నాడు.

"ఇప్పుడా" అంది సుంకులమ్మ. తలెత్తలేదు.

పొద్దు వాలే దాకా నలుగురం సాళ్ల వెంట పాకుతూ చిల్లు లేని కాయలు ఏరాం. నన్ను వద్దనలేదు, రమ్మననూ లేదు. సాలుకు ఒక కాయ దొరికితే ఎక్కువ. వొలిచి చూస్తే అందులో సగానికి సగం పుచ్చులు. నాలుగెకరాల మీద దక్కిన గట్టి గింజలు సుంకులమ్మ ఒక్క చేతిలో పట్టాయి, గుప్పెట కూడా పూర్తిగా నిండలేదు. ఆమె వాటిని అల్మాజ్ దోసిట్లో పోసి, ఒక్కొక్కటే తీసి వెలుతురుకు పెట్టి చూసి, పైట కొంగున మూట కట్టింది.

"యాడేద్దాంమ్మా ఇవి, వచ్చే ఏటికి?" అన్నాడు మద్దిలేటి.

సుంకులమ్మ నోరు తెరిచింది. నన్ను చూసి ఆగింది.

"ఈ పాపను పోనీ. అప్పుడు చెప్తా."

"ఆ పిల్లో?" అని మద్దిలేటి అల్మాజ్ వైపు గడ్డం ఆడించాడు.

"ఆ పిల్లుంటే ఉండనీలే."

అల్మాజ్ నన్ను చూసి, "ఏమంటోంది?" అని అడిగింది.

"నన్ను వెళ్లిపొమ్మంటోంది. నిన్ను ఉండమంటోంది" అని చెప్పి, లేచి, మోకాళ్ల మట్టి దులుపుకుని, గట్టు వైపు నడిచాను.